కిరండూల్ నుంచి విశాఖకు దగ్గర దారి ఉండగా రైలు ఎందుకు చుట్టూ తిరుగుతుంది?

ప్రశ్న: అరకు వెళ్తుంటే ఇనుప ఖనిజం గూడ్సులు వరసగా ఎదురొచ్చాయి. ఛత్తీస్‌గఢ్‌లో కిరండూల్ పక్కనున్న బైలదిల్లా గనుల నుంచి విశాఖకు ఖనిజం పంపే పైపులైను 267 కిలోమీటర్లేనట, రైలుకైతే 470 దాకా అట. దగ్గర దారి ఉండగా రైలు ఎందుకు? మారుమూల గని నుంచి పోర్టుకు దారి ఎలా ఎంచుకుంటారు? విజయనగరం జిల్లాలో మా బావమరిది చిన్న మాంగనీసు గని తీసుకోవాలని చూస్తున్నాడు. లారీల మీద విశాఖ పోర్టుకు పంపితే గిట్టుతుందా?

సమాధానం:

నేను ఇరవై ఆరేళ్ళు విశాఖలో కార్గో సర్వేయర్‌గా చేశాను. ఓడలోకి ఎక్కే సరుకు బరువెంత, తేమెంత, కాగితంలో రాసిందీ కుప్పలో ఉన్నదీ ఒకటేనా అని చూసే పని. గని వైపు నేను వెళ్ళింది తక్కువ. కాబట్టి నేను చెప్పేదంతా పోర్టు గేటు దగ్గర నిలబడి వెనక్కి చూస్తూ చెప్పేదే. ఆ లెక్కలోనే తీసుకోండి.

మీ మొదటి ప్రశ్నలో చిన్న తిరకాసు ఉంది. ఆ పైపూ ఈ రైలూ ఒకే సరుకు మోయవు. బైలదిల్లా కొండ నుంచి రాళ్ళలాంటి ముక్కలూ వస్తాయి, పొడీ వస్తుంది. ముక్కల్ని లంప్ అంటారు, పొడిని ఫైన్స్ అంటారు. లంప్‌ని బ్లాస్ట్ ఫర్నేసులో (ఇనుము తీసే పెద్ద కొలిమిలో) నేరుగా వేసుకోవచ్చు, అందుకే దానికి ధర ఎక్కువ. పైపులో లంప్ పోదు. ఖనిజాన్ని మెత్తగా మరపట్టి, నీళ్ళు కలిపి, పల్చటి బురదలా చేసి పంపుతో తోయాలి. సుమారుగా మూడింట రెండు వంతులు ఖనిజం, ఒక వంతు నీళ్ళు. విశాఖ చేరాక నీళ్ళు పిండేసి, ఆ పొడిని గోళీల్లాంటి పెల్లెట్లుగా చుట్టి కాలుస్తారు. అంటే ఆ పైపు పోర్టు కోసం వేసింది కాదు, పెల్లెట్ ప్లాంటు కోసం వేసింది. ఏడాదికి 80 లక్షల టన్నుల సామర్థ్యంతో ఎస్సార్ వాళ్ళు వేశారు. 2019 చివర్లో ఎస్సార్ స్టీల్‌తో పాటే ఆర్సెలార్ మిట్టల్, నిప్పాన్ స్టీల్ చేతికి వెళ్ళింది.

ఇక రైలు. 1960లో జపాన్ ఉక్కు కంపెనీలకు బైలదిల్లా ఖనిజం అమ్మే ఒప్పందం కుదిరింది. వాళ్ళకు ఖనిజం కావాలి, మనకు విదేశీ మారకం కావాలి. గనేమో బస్తర్ అడవిలో ఉంది, మధ్యలో తూర్పు కనుమలు. కొత్తవలస–కిరండూల్ లైను (కేకే లైను అంటాం) అలా పుట్టింది. 1966–67లో లైను తెరిచారు, 1968లో కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్ఎండీసీ బైలదిల్లాలో 14వ నంబరు డిపాజిట్ (నిక్షేపం) నుంచి తవ్వకం మొదలుపెట్టింది. గనికంటే ముందు రైలొచ్చిందన్నమాట. మీరు అరకు దారిలో లెక్కపెడుతూ పోయిన ఆ సొరంగాలు (మొత్తం లైనులో 58 అని రైల్వే వాళ్ళ లెక్క) ఖనిజం కోసం తొలిచినవి. అద్దాల పెట్టెలు, సెల్ఫీలు చాలా తర్వాతి ముచ్చట.

మ్యాపులో చూడండి. బండి కిరండూల్‌లో బయల్దేరి ముందు ఈశాన్యంగా జగదల్‌పూర్‌కు పోతుంది. అక్కడినుంచి జయపూర్, కోరాపుట్, అరకు మీదుగా తిరిగి కిందికి దిగి శృంగవరపుకోట, కొత్తవలస చేరుతుంది. మనిషి నడిచే దారి కాదది, బరువు నడిచే దారి. నిండు బండి నిటారుగా ఎక్కలేదు, అందుకే కొండ చుట్టూ ఒరుసుకుంటూ కొంచెం కొంచెంగా ఎక్కుతుంది. జయపూర్ దాటాక కోరాపుట్‌కు ఎక్కాలి, ఆ తర్వాత సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉన్న శిమిలిగూడ స్టేషన్ దాకా పోవాలి. అక్కడినుంచి మైదానానికి దిగుడే. కొత్తవాళ్ళు ఎక్కుడు గురించే భయపడతారు. రైల్వే వాళ్ళకు అసలు టెన్షన్ దిగుడుతోనే. నాలుగు వేల టన్నుల బండి వెనక నుంచి తోస్తుంటే బ్రేకు నమ్మకంగా పట్టాలి. ఘాట్ మొదట్లో ఆపి బ్రేకులు పరీక్షించి గానీ వదలరు. లైను 1980–82 మధ్య విద్యుదీకరణ అయింది. 1980ల చివర్లో హిటాచి ఇంజిన్లు జపాన్ నుంచి తెప్పించి వాల్తేరు షెడ్డులో పెట్టింది కూడా ఈ ఘాట్ కోసమే.

పైపుకు ఈ గోల తక్కువ. పంపు ఒత్తిడి ఉంటే కొండెక్కుతుంది. అందుకే ఒడిశాలోని మల్కాన్‌గిరి వైపు నుంచి చిత్రకొండ మీదుగా, మన ఏజెన్సీ గుండా దాదాపు అడ్డంగా వచ్చేసింది. అలాగని పైపుకూ ఇష్టం వచ్చిన ఏటవాలు పనికిరాదు. కరెంటు పోయి పంపు ఆగితే పొడి అడుక్కి దిగుతుంది, వాలు మరీ ఎక్కువైతే పల్లంలోకి జారి గడ్డకట్టుకుంటుంది. మళ్ళీ మొదలుపెట్టడం నరకం.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. కిలోమీటర్లు చూసి దారి ఎంచుకునేవాళ్ళు నష్టపోవడం చాలాసార్లు చూశాను. నేను చూసేది వేరే: గని నుంచి ఓడ దాకా సరుకు ఎన్ని చోట్ల ఆగుతుంది, ఎన్నిసార్లు కిందపడి పైకి లేస్తుంది? బైలదిల్లా లంప్ దారి చూడండి. తవ్విన చోట డంపర్‌లోకి, డంపర్ నుంచి క్రషర్‌లోకి, బెల్టు మీద కొండ దిగి కుప్పలోకి, కుప్పలోంచి వ్యాగన్‌లోకి, వ్యాగన్ నుంచి పోర్టు బెల్టు మీదికి, అక్కడ ఇంకో కుప్పలోకి, మళ్ళీ బెల్టు ఎక్కి ఓడలోకి. పడ్డ ప్రతిసారీ లంప్ కాస్త విరిగి ఫైన్స్ అవుతుంది. లంప్ ధరకు కొని ఫైన్స్ ధరకు అమ్ముకోవడం ఎవరికీ ఇష్టముండదు. ఆగిన ప్రతిచోటా కాటా వేరు, తేమ వేరు, సంతకం వేరు. రైలు ఇంకో వంద కిలోమీటర్లు ఎక్కువ తిరిగితే పెరిగే ఖర్చు ముందే తెలుస్తుంది. చేతులు మారే చోట పోయే డబ్బు మాత్రం నెల తర్వాత బిల్లులో తెలుస్తుంది.

లారీ లెక్క ఇక్కడే వేద్దాం. ఒక ఖనిజం రేకులో, అంటే ఒక పూర్తి గూడ్సు బండిలో, 58 వ్యాగన్ల దాకా ఉంటాయి, సుమారు 3,800 టన్నులు. అదే సరుకు ముప్ఫై టన్నుల టిప్పర్ల మీద పంపితే 127 ట్రిప్పులు. ఒక్క రేకుకే ఇది. విశాఖ ఔటర్ హార్బర్‌లోకి వచ్చే పెద్ద ఓడ లక్షా అరవై వేల టన్నులు ఎక్కించుకుందనుకోండి, నలభై రెండు రేకులు, లేదా అయిదు వేల మూడొందల పైచిలుకు టిప్పర్లు. ఓడ వచ్చి నిలబడ్డాక ఇన్ని టిప్పర్లు ఎవరు తెస్తారు? రేకులు కూడా ఒక్కరోజులో రావు. కాబట్టి ఏ దారైనా పోర్టులో ముందే కుప్ప పోసి ఉంచాల్సిందే. దారి అంటే పట్టాలూ రోడ్డూ మాత్రమే కాదు, ఆ కుప్పకు స్థలం కూడా దారిలో భాగమే. పోర్టులో ప్లాటు దొరక్కుండానే రేకులు కావాలని రైల్వేకు ఇండెంట్ పెట్టినవాళ్ళను చూశాను. సరుకు సైడింగ్‌లో (పక్క పట్టాల మీద), ఓడ లంగరు దగ్గర, పార్టీ నా ఆఫీసులో!

టిప్లర్ ఎప్పుడైనా చూశారా? వీలైతే చూడండి. వ్యాగన్‌ని పట్టాలతో సహా గట్టిగా పట్టుకుని బోర్లా తిప్పేస్తుంది. ఎండాకాలంలో అయితే బుస్సున ఒక్క ఊపులో ఖాళీ. ఎర్రటి దుమ్ము లేచి కనురెప్పల మీద కూడా కూర్చుంటుంది. ఆగస్టులో కథ వేరు. బోర్లా తిప్పినా మూలల్లో ఫైన్స్ మైనంలా అతుక్కుని వేలాడుతుంటాయి. మనుషులు గునపాలతో పొడిచి రాల్చాలి. పది వ్యాగన్లు అలా వస్తే మిగతా రేకు వెనక ఆగిపోతుంది. ఆ రేకు వదిలితే గానీ తర్వాతది లోపలికి రాదు. యార్డులో మొదలైన ఆలస్యం రెండు రోజుల్లో కిరండూల్ దాకా పాకుతుంది. అక్కడ ఖాళీ వ్యాగన్లు లేక లోడింగ్ ఆగుతుంది. గని మేనేజరేమో రైల్వేని తిడతాడు.

తేమ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దీంతో మనుషులే పోయారు. తడి ఫైన్స్ కుప్పలో గట్టిగానే కనిపిస్తాయి. ఓడ కదిలి, ఇంజిను వణికి, అలలకు ఊగుతుంటే గింజల మధ్య నీళ్ళ ఒత్తిడి పెరిగి ఆ కుప్ప ఒక్కసారిగా బురద నీరవుతుంది. ఒక పక్కకు జారితే ఓడ ఒరిగిపోతుంది. 2009 జులైలో మంగళూరు దగ్గర ఏషియన్ ఫారెస్ట్, సెప్టెంబరులో పారదీప్ దగ్గర బ్లాక్ రోజ్ మునిగాయి. రెండిట్లోనూ ఉన్నది మన దేశం నుంచి ఎక్కించిన ఇనుప ఖనిజం ఫైన్సే. అందుకే ప్రతి సరుకుకూ ఇంతకు మించి తేమ ఉండకూడదని ఒక హద్దు ల్యాబులో తేల్చుకోవాలి. సరుకులో ఉన్న తేమకైతే లోడింగ్‌కు ముందు వారం లోపల తీసిన శాంపిలే చెల్లుతుంది. మధ్యలో వాన పడితే మళ్ళీ తీయాలి.

నేను చూసిన సంగతి ఒకటి చెప్తాను, పార్టీ పేరు అడక్కండి. సెప్టెంబరు నెల, లారీల మీద తెచ్చిన ఫైన్స్, బయట ప్లాటులో టార్పాలిన్ సగమే కప్పిన కుప్ప. చేతిలో ఉన్న సర్టిఫికెట్ బాగానే ఉంది. తేదీ చూస్తే ఎండ కాసిన రోజుది. ఆ తర్వాత మూడు రోజులు వాన దంచింది. ఓడ కెప్టెన్ పెద్దాయన, ఎక్కువ మాట్లాడడు. ఒక డబ్బా తెప్పించి, సగం దాకా ఆ మట్టి నింపి, జానెడు ఎత్తు నుంచి డెక్కు మీద టక్ టక్‌మని పాతిక సార్లు కొట్టాడు. తర్వాత డబ్బా నా వైపు వంచాడు. పైన నీళ్ళు తేలి అద్దంలా మెరుస్తున్నాయి, పక్కనున్న ఎక్స్‌పోర్టర్ ముఖం అందులో కనపడుతోంది. లోడింగ్ ఆపేశారు. కుప్పను ఎండబెట్టడానికి తిరగేస్తూ పదకొండు రోజులు. డెమరేజ్ (ఓడను ఆపి ఉంచినందుకు కట్టే సొమ్ము) కింద ఆ ఎక్స్‌పోర్టర్ కట్టిన మొత్తం, ఆ సరుకు మొత్తానికి అయిన లారీ కిరాయి కంటే ఎక్కువ. ఆ డబ్బుతో పూర్తి టార్పాలిన్లు ఎన్ని వచ్చేవో ఆయనే తర్వాత లెక్క వేసుకున్నారు.

దారి తెగితే ఏంటన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. కొత్తవలస–కిరండూల్ లైను దశాబ్దాల పాటు సింగిల్ లైనే. కొండచరియ పడితే అంతే. 2023 సెప్టెంబరులో మనబార్ దగ్గర పడ్డప్పుడు రోజుల తరబడి బండ్లు నిలిచాయి. 1998 చివర్లో పూర్తయిన కోరాపుట్–రాయగడ లైను ఉంది కాబట్టి అరకు ఘాట్ మూసుకుపోయినా రాయగడ, విజయనగరం మీదుగా తిప్పుకోవచ్చు. చరియ కోరాపుట్‌కు అవతల, జగదల్‌పూర్ వైపు పడితే ఆ వీలు కూడా లేదు. డబ్లింగ్ అందుకే మొదలుపెట్టారు. కిరండూల్–జగదల్‌పూర్ మధ్య 150 కిలోమీటర్ల డబ్లింగ్‌కు డబ్బు పెట్టింది ఎన్ఎండీసీయే. మావోయిస్టుల భయంతో విశాఖ–కిరండూల్ ప్యాసింజర్‌ను దంతెవాడలోనే ఆపేసిన రోజులు చాలా ఉన్నాయి. పైపూ తప్పించుకోలేదు. 2009లో చిత్రకొండ దగ్గర దాన్ని దెబ్బతీస్తే చాలాకాలం పనిచేయలేదు. రైలు పట్టా విరిగితే గ్యాంగ్ వెళ్ళి ఒకట్రెండు రోజుల్లో వేసేస్తారు. పోలీసు రక్షణ లేకుండా అడవిలో పైపు బాగుచెయ్యడం అంత తేలిక కాదు.

పైపుకు ఇంకో గుణం ఉంది, అది ఒక్క సరుకునే మోస్తుంది, ఒక్క చోటికే. కర్ణాటకలో కుద్రేముఖ్ ఇనుప గని సంగతి చూడండి. ఇరాన్ షా ప్రభుత్వం డబ్బిస్తుంది, సరుకూ కొంటుంది అని గని, మంగళూరుకు 67 కిలోమీటర్ల పైపు, పోర్టు అన్నీ మొదలుపెట్టారు. 1979లో అక్కడ విప్లవం వచ్చింది, కొనేవాడు మాయం. వేరే కొనుగోలుదార్లను వెతుక్కుని నడిపారు. సుప్రీంకోర్టు తీర్పుతో 2005 ఆఖరున తవ్వకమే ఆగింది, పైపు పని అయిపోయింది. తర్వాత మంగళూరు పెల్లెట్ ప్లాంటు నడవడానికి ఖనిజం ఎక్కడినుంచి తెచ్చుకున్నారో తెలుసా? బైలదిల్లా నుంచి రైలులో విశాఖకు, విశాఖ నుంచి ఓడలో లంక చుట్టూ తిరిగి మంగళూరుకు! దగ్గర దారి పేరెత్తితే నాకు ఇదే గుర్తొస్తుంది. కేకే లైను మాత్రం జపాన్ ఎగుమతులు తగ్గాక కూడా బతికింది. ఎందుకంటే సొంత గనుల్లేని విశాఖ ఉక్కుకు ఖనిజం కావాలి, ఒడిశాలోని దామన్‌జోడి నుంచి అల్యూమినా (అల్యూమినియం తీసే తెల్లపొడి) పోవాలి, మీరు అరకు చూడాలి.

దామన్‌జోడి అన్నాను కదా, అది నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు. పంచపట్మలి కొండ మీద కేంద్ర ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కోకు బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) గని ఉంది. అక్కడినుంచి 14.6 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు కొండలు దాటుకుంటూ రిఫైనరీకి దిగుతుంది. లారీ లేదు, డ్రైవరు లేడు, వాన పడినా తిరుగుతూనే ఉంటుంది. ఇంకా తెలివైన సంగతి ఏంటంటే బాక్సైట్‌ని పోర్టుకు పంపరు. అక్కడే అల్యూమినా చేసి పంపుతారు. ఇంచుమించు మూడు టన్నుల మట్టి ఒక టన్ను తెల్లపొడి అవుతుంది. మిగతా రెండు టన్నులకు రైలు కిరాయి లేనే లేదు.

దారిని ఇంజినీర్లే ఎంచుకుంటారనుకోకండి. ఆఫ్రికాలో గినియా దేశపు సిమాండూ ఖనిజానికి సముద్రం లైబీరియా మీదుగా దగ్గర. మా ఖనిజం మా నేల మీదుగానే పోవాలి, మాకు రైలు కావాలి అని గినియా పట్టుబట్టింది. దేశానికి అడ్డంగా 600 కిలోమీటర్లకు పైగా లైను, కొత్త పోర్టు కట్టాల్సొచ్చింది. దశాబ్దాలు నలిగి 2025లో గానీ ఎగుమతి మొదలవలేదు. కంపెనీ లెక్కలో నష్టమే. ఆ దేశం వైపు నుంచి చూస్తే తప్పు పట్టలేను.

ఇక బావమరిదిగారి మాంగనీసు. ముందు ఒక మాట, మాంగనీసు మేజర్ మినరల్, అంటే చట్టం లెక్కలో ప్రధాన ఖనిజం. 2015 చట్ట సవరణ తర్వాత కొత్త లీజు వేలంలోనే వస్తుంది. "మాకు తెలిసినాయన ఇప్పిస్తాడు" అని ఎవరైనా అంటే దణ్ణం పెట్టి లేచి రండి. పాత లీజు బదిలీ అయితే కాగితాలు వేరే చూపించుకోవాలి.

పోర్టు సంగతికొస్తే, ఇందులో ఒక తమాషా ఉంది. విశాఖ పోర్టు పుట్టిందే మాంగనీసు కోసం. మధ్య పరగణాల (బ్రిటిష్ కాలపు సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసును సముద్రానికి చేర్చాలని రాయపూర్–విజయనగరం లైను 1931లో పూర్తిచేశారు, 1933లో పోర్టు తెరిచారు. ఇప్పుడు అదే పోర్టులో విదేశీ మాంగనీసు దిగుతోంది. ఉక్కులో కలిపే మిశ్రమ లోహాలు చేసే మన ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీలు ఇక్కడి సరుకు చాలక తెప్పించుకుంటున్నాయి. మీవాళ్ళేమో ఇక్కడి సరుకును అదే పోర్టుకు తీసుకెళ్ళి ఎగుమతి చేద్దామంటున్నారు! దగ్గర్లో బొబ్బిలి వైపు కొనే ఫ్యాక్టరీలు ఉండగా, పోర్టు దాకా కిరాయి, ప్లాటు అద్దె, తేమ టెస్టులు, చిన్న లాట్ కోసం ఓడలో వాటా వెతుక్కోవడం, ఇదంతా ఎందుకు? గ్రేడు మరీ తక్కువైతే అక్కడా తీసుకోరు, నిజమే. అప్పుడు కూడా పోర్టు దారి కాదు, గని దగ్గరే కడిగి, ఏరి గ్రేడు పెంచడం మొదటి పని. మట్టికి కిరాయి కట్టకండి.

లారీలు మాత్రం మీ స్థాయికి సరైనవే. నా అంచనాలో వంద, నూట యాభై కిలోమీటర్ల లోపల, నెలకు కొద్ది వేల టన్నులైతే రేకు గురించి ఆలోచించక్కర్లేదు, ఎందుకంటే రేకు నిండేదాకా సరుకు పోగేసి సైడింగ్‌లో పెట్టుకోవాలి. ఆ దూరం దాటితే సరుకు ధర బాగున్నంత కాలమే లారీ బాగుంటుంది. చైనా గిరాకీ రోజుల్లో బళ్ళారి నుంచి కృష్ణపట్నానికి కూడా లారీలు నడిచాయి. ధర పడ్డాక ఆ కిరాయి ఎవరూ భరించలేరు.

కిరాయి మాట్లాడేటప్పుడు గని కాటా మీద కాకుండా ఫ్యాక్టరీ కాటా మీద బరువుకు డబ్బు కట్టేలా రాయించుకోండి. గనికీ తారు రోడ్డుకీ మధ్య ఉన్న మట్టి దారిని జులైలో ఒకసారి స్వయంగా నడిచి చూడండి, ఫిబ్రవరిలో చూసి సంతోషపడొద్దు. దారి ఊళ్ళో నుంచి పోతుంటే బడి టైముకు టిప్పర్లు ఆపుతామని పంచాయతీకి ముందే చెప్పండి. తర్వాత రోడ్డు మీద కూర్చున్నాక చెబితే వినరు.

నెలకు ఎన్ని టన్నులు అనుకుంటున్నారు, ల్యాబు రిపోర్టులో మాంగనీసు శాతం ఎంత, వర్షాకాలంలో ఆ మట్టి దారిలో లారీ ఎన్ని రోజులు తిరుగుతుంది, ఈ మూడూ ఇక్కడ రాయండి. ఇక్కడి ఫ్యాక్టరీ ధరతో పోల్చి లెక్క వేసి చూపిస్తాను.